అద్దంలో కనిపించని మచ్చ

చర్మం మీద కొత్తగా ఏదైనా కనిపిస్తే మనవాళ్లు మొదట అద్దం దగ్గరికి వెళ్తారు, తర్వాత మందుల షాపుకి. బూర్గంపాడులోనో, సారపాకలోనో, వంతెన దాటి భద్రాచలంలోనో షాపాయన ఒక ట్యూబు చేతిలో పెడతాడు. ఈ మధ్య ఈ రెంటి నడుమ ఫోన్ కూడా వచ్చి చేరింది. నల్ల మచ్చ అని వెతకగానే తెల్లవాళ్ల వీపుల మీది మచ్చల బొమ్మలు వరసగా వస్తాయి, పక్కనే మెలనోమా అన్న క్యాన్సర్ పేరు ఉంటుంది. అదే వారంలో సిడ్నీలో ఉన్న కూతురు "ఇక్కడ ఏడాదికోసారి ఒళ్లంతా డాక్టరుకు చూపించుకోమంటారు నాన్నా" అందంటే ఇక నిద్ర పట్టదు.

ఆ భయాన్ని చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. అది తప్పు చోట కాపు కాస్తోందని మాత్రం చెప్పాలి. మన దగ్గర చర్మ క్యాన్సర్ అరుదు. వచ్చినప్పుడు చాలాసార్లు మనం అద్దంలో చూసుకోని చోట వస్తుంది. అరికాల్లో, కాలిగోరు కింద, ఎప్పుడో కాలిన మచ్చ మీద, నడుం మీద బొందు ఒరుసుకునే చోట. ముఖం మీది మంగు కోసం ఖమ్మం దాకా వెళ్లే ఇంట్లోనే తాతకు పాదం మీద రెండేళ్లుగా మానని పుండు ఉంటుంది. దానికి గుడ్డ కట్టుకుని ఆయన పొలం వెళ్తూనే ఉంటాడు. మొదటిదాని గురించి దిగులు ఎక్కువ, ప్రమాదం తక్కువ. రెండోదాని సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది.

ఎందుకిలా? చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలను చాలావరకు లోపలికి పోనివ్వదు. ఆ కిరణాలు కణాల్లోని డీఎన్ఏను చెడగొట్టడమే తెల్లవాళ్లలో చర్మ క్యాన్సర్లకు ముఖ్య కారణం. అందుకే ఐరోపా సంతతి తెల్లవాళ్లు ఎక్కువగా ఉన్న ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో ఈ జబ్బు ప్రపంచంలోకెల్లా ఎక్కువ. మన దేశంలో బయటపడే మొత్తం క్యాన్సర్లలో చర్మానివి నూటికి ఒకటో రెండో. మే నెలలో కొత్తగూడెం ఎండ 45 డిగ్రీలు తాకుతుంటే అడవిలో తునికాకు కోసేవాళ్లకు వడదెబ్బ ప్రాణాంతకం. అందులో సందేహం లేదు. కానీ ఒంటిని కాల్చే వేడి వేరు, చర్మ కణాలను చెడగొట్టే కిరణాలు వేరు. సూర్యుడు అంత మండుతున్నాడు కాబట్టి మనకు చర్మ క్యాన్సర్ ఇంకా ఎక్కువ రావాలని లెక్క వేసుకోనక్కర లేదు.

అలాగని ఎండకు పూర్తిగా మాఫీ ఇవ్వలేం. ఏళ్ల తరబడి నెత్తిన గుడ్డ లేకుండా పొలంలో గడిపిన పెద్దవాళ్లకు ముక్కు పక్కన, కనురెప్ప మీద మెరుపుతో కూడిన నల్లటి బొడిపె లేచి, నడుమ గుంట పడి, పొక్కు కట్టి రాలి మళ్లీ కడుతూ ఉంటే అది బేసల్ సెల్ క్యాన్సర్ కావచ్చు. ఇది ఒళ్లంతా పాకడం దాదాపు ఉండదు గానీ, ఉన్నచోటే లోతుకు తొలుచుకుపోతుంది. కన్ను, ముక్కు దగ్గర కాబట్టి ఆలస్యం చేస్తే కోత పెద్దదవుతుంది. ఇక పుట్టుకతోనే ఒళ్లు, వెంట్రుకలు తెల్లగా ఉండే పిల్లల సంగతి వేరు. వాళ్లకు మెలనిన్ కాపలా లేదు. పొడుగు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ, సన్‌స్క్రీన్ వాళ్లకు సోకు కోసం కాదు, అవసరం. మేనరికాలు ఎక్కువగా ఉన్న కుటుంబాల్లో అరుదుగా కనిపించే జెరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే జన్యు జబ్బు కూడా ఇలాంటిదే. పసితనంలోనే ఎండ తగిలితే ముఖం నిండా నల్ల చుక్కలు లేస్తాయి, కళ్లు ఎండను భరించలేవు. అలాంటి బిడ్డను త్వరగా చర్మవైద్యులకు చూపించాలి.

ఇక మనల్ని ఎక్కువగా బెదిరించేవి. మెడ చుట్టూ వేలాడే పులిపిర్లు, నడివయసులో చెంపల మీద లేచే చిన్న నల్ల బొడిపెలు, ముసలితనంలో వీపు మీద తెచ్చి అంటించినట్టుండే గరుకు మచ్చలు, వేలితో నొక్కితే కదిలే కొవ్వు గడ్డలు, మంగు, శోభి, తామర, బొల్లి. వీటికీ క్యాన్సర్‌కూ సంబంధం లేదు. బొల్లి మచ్చ ఎండకు త్వరగా కందుతుంది, అంతే. మెడ వెనక మురికి పట్టినట్టు నల్లగా, మందంగా అయితే రుద్ది రుద్ది కడగడం మాని షుగరు పరీక్ష చేయించుకోవాలి. చాలామందిలో అది షుగరు రాబోతోందనడానికి గుర్తు.

ప్రమాదం లేని ఈ మచ్చలకు మనం చేసే వైద్యం మాత్రం ప్రమాదమే. పులిపిరికి సున్నం, సోడా కలిపి పెడతారు. జిల్లేడు పాలు పూస్తారు. బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి రసం అద్దుతారు. ఆ రసం చర్మాన్ని యాసిడ్‌లాగే కాలుస్తుంది. పులిపిరి పోతుంది, దాని స్థానంలో రూపాయంత కాలిన మచ్చ మిగులుతుంది. ఒకవేళ ఆ పులిపిరి నిజంగా అనుమానించాల్సినదే అయితే, పైభాగం మాడిపోయి కింద జబ్బు మిగులుతుంది. చూసి చెప్పడానికి డాక్టరుకు ఆనవాలు కూడా దొరకదు. షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీములదీ ఇదే దారి. దురద ఆగుతుంది, తామర మాత్రం చాపలా పరుచుకుంటుంది.

ఇప్పుడు పాదం దగ్గరికి వద్దాం. మెలనోమా అనేది రంగునిచ్చే కణాల్లోనే పుట్టే క్యాన్సర్. చర్మ క్యాన్సర్లలో త్వరగా పాకే రకం ఇది. నల్లని, చామనఛాయ ఒళ్లలో ఇది ఎక్కువగా లేచేది రంగు తక్కువగా, ఎండ అసలే తగలని చోట. అంటే అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద. దీనికి ఎండతో చుట్టరికం లేదు. ప్రపంచమంతా ఎరిగిన ఉదాహరణ బాబ్ మార్లీ. జమైకా గాయకుడు. 1977లో ఆయన కాలి బొటనవేలి గోరు కింది గాయాన్ని ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. తేలింది మెలనోమా. వేలు తీసేయించుకోమన్న వైద్యుల సలహా ఆయనకు మతవిశ్వాసం రీత్యా సమ్మతం కాలేదు. 1981 మే 11న చనిపోయేనాటికి ఆయన వయసు 36.

మన దగ్గర ఫుట్‌బాల్ దెబ్బ స్థానంలో ముల్లు ఉంటుంది. అడవికి, మిరప చేలకు, పత్తి చేలకు వెళ్లే కాళ్లకు ముల్లు దిగడం వింత కాదు. అరికాల్లో నల్ల మచ్చ కనిపిస్తే "ఎప్పుడో తుమ్మ ముల్లు ఇరిగి లోపలే ఉండిపోయింది లే" అనేస్తాం. చాలాసార్లు అదే నిజం కూడా. నిజం కానప్పుడు గుర్తు పట్టడం ఎలా? ముల్లు చోటు నొక్కితే సలుపుతుంది, చీము పడుతుంది, చివరికి ఏదో ఒకటి తేలుతుంది. ఆనెకాయ అయితే పైపొర చెక్కితే కింద మామూలు చర్మమే ఉంటుంది. మెలనోమా మచ్చ నొప్పి లేకుండా నెలనెలా పక్కకు పెరుగుతుంది. అంచులు తిన్నగా ఉండవు. ఒకచోట నలుపు, ఒకచోట గోధుమరంగు. తర్వాతెప్పుడో నడుమ ఉబ్బి, పగిలి, నెత్తురు చెమరుస్తుంది. కొన్నిసార్లు రంగే లేకుండా ఎర్రటి కండలా పెరగడమూ ఉంది. నొప్పి లేదు కాబట్టి ఫరవాలేదు అన్న మన పాత లెక్క ఇక్కడ పనికిరాదు.

గోరు సంగతి కొంచెం ఓపికగా చెప్పుకోవాలి, ఎందుకంటే అనవసర భయమూ అనవసర ధీమా రెండూ ఇక్కడే ఎక్కువ. మన రంగు వాళ్లకు గోళ్లలో నిలువుగా సన్నని గోధుమ గీతలు ఉండటం మామూలే. నాలుగైదు గోళ్లలో ఉంటే దాదాపుగా దిగులు పడనక్కర లేదు. బీ12 తక్కువైనా, కొన్ని మందులు వాడినా అవి రావచ్చు. రాయి తగిలో, ఇటుక పడో గోరు కింద నెత్తురు గడ్డకడితే అది నల్లగా ఉంటుంది గానీ గోరుతో పాటు ముందుకు జరుగుతుంది. రెండు నెలలకు దాని వెనక కొత్త గోరు శుభ్రంగా కనిపిస్తుంది. కాలిగోరు మొత్తం మారడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది కాబట్టి తొందరపడక్కర లేదు. ఒక్క గోరులోనే గీత ఉండి, అది జరగకుండా, మొదలు దగ్గర వెడల్పవుతూ, నలుపు గోరు దాటి చుట్టూ ఉన్న చర్మం మీదికి దిగితే మాత్రం ఆ వారమే చూపించాలి. మనకు ఇంకో చిక్కు ఉంది. ఆషాఢంలో గోరింటాకు, పండగకు గోళ్ల రంగు, పాదాలకు పసుపు. ఇవన్నీ అందమే, వాటిని మానమని ఎవరూ అనరు. కానీ రంగు కింద ఏముందో అవి పెట్టుకున్న ఇల్లాలికే తెలియదు. గోరింటాకు వెలిసిన రోజుల్లో ఒకసారి కాళ్లు కడుక్కుని, వెలుతురులో కూర్చుని, వేళ్ల సందులతో సహా చూసుకుంటే సరిపోతుంది. నడుం వంగని ముసలివాళ్ల అరికాళ్లు ఇంట్లో వాళ్లే చూడాలి.

రెండో కాపలా చోటు పాత మచ్చలు. ఫ్రాన్స్ సర్జన్ మార్జొలిన్ 1828లో పాత గాయాల మీద లేచే మొండి పుండ్ల గురించి రాశాడు. నేటికీ వాటిని ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. చిన్నప్పుడు పొయ్యి దగ్గరో, కిరోసిన్ దీపంతోనో కాలిన చోటు, పసిబిడ్డకు జబ్బు చేసిందని వాత పెట్టిన చోటు, ఎముకలో చీము పట్టి ఏళ్ల తరబడి కారిన చోటు. అవి మాని మళ్లీ పగులుతూ ఉంటే, ఇరవై ముప్పయ్యేళ్ల తర్వాత ఆ చోట స్క్వామస్ సెల్ అనే రకం క్యాన్సర్ పుట్టే వీలుంది. కశ్మీరులో చలికి నిప్పుల కుంపటిని అంగీ కింద పొట్టకు, తొడలకు ఆనించుకుంటారు. కాంగ్డీ అంటారు దాన్ని. ఆ సెగ తగిలే చోటే వచ్చే క్యాన్సర్‌ను వైద్యులు పంతొమ్మిదో శతాబ్దంలోనే గుర్తించారు. సెగ, ఒరిపిడి, మానని పుండు... కారణం ఏదైనా చర్మం ఒకే చోట మళ్లీ మళ్లీ చెడి మళ్లీ మళ్లీ కట్టుకోవాల్సి రావడమే అసలు సంగతి.

గోదావరి ఒడ్డు ఊళ్లకు పుండు కొత్త కాదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు బూర్గంపాడు వీధుల్లోకి నీళ్లొచ్చాయి. అలాంటి నీళ్లలో, బురదలో తిరిగిన కాళ్లకు వేళ్ల సందులు నాని పుండు పడతాయి. అవి మానుతాయి. మానకపోతే మనం వెంటనే ఒక కారణం చెప్పుకుంటాం: "షుగరు ఉంది కదా, మానదు." షుగరు పుండు ఆలస్యంగా మానుతుందన్నది నిజమే. కానీ ఆ జవాబు దొరికాక ఇక ఎవరూ ప్రశ్న అడగరు. కట్టు కట్టించుకుంటున్నా నెల దాటి పుండు చిన్నది కాకపోతే, అంచు గట్టిపడి పైకి లేస్తే, లోపల కాలీఫ్లవర్‌లా కండ పెరిగితే, దుర్వాసన వస్తూ తాకితే నెత్తురు కారితే దాన్ని షుగరు ఖాతాలో రాయకూడదు. కుష్ఠు వచ్చి నయమైన పెద్దవాళ్లకు అరికాల్లో స్పర్శ తిరిగి రాకపోవచ్చు. వాళ్ల పుండ్లను మరీ జాగ్రత్తగా చూడాలి, నొప్పి హెచ్చరించదు కాబట్టి.

కుష్ఠు మాట వచ్చింది కనుక ఇంకొక్క సంగతి. ఒంటి మీద పాలిపోయిన, లేదా రాగిరంగు మచ్చ కనిపిస్తే క్యాన్సరేమో అని అడిగేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న వేరు: ఆ మచ్చకు స్పర్శ ఉందా? దూదిపోచతో తాకి చూస్తే తెలుస్తుంది. స్పర్శ లేకపోతే, దురద కూడా లేకపోతే దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. దేశం మొత్తం మీద కుష్ఠు పదివేల మందికి ఒకరి కంటే తక్కువకు దిగిందని 2005 చివర్లో ప్రకటించారు. అంటే జబ్బు అంతరించిందని కాదు. మందులు ఉచితం, రకాన్ని బట్టి ఆరు నెలలో ఏడాదో వాడాలి. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటడం ఆగిపోతుంది. పెద్దరోగం అని పేరు పెట్టి దాచిన ఇళ్లలోనే వేళ్లు వంకర పోయాయి.

మూడో చోటు నడుం. 2024లో చీర కడితే క్యాన్సర్ వస్తుందన్న వార్త తెలుగు టీవీల్లోనూ మోగింది. అసలు సంగతి ఇదీ: మహారాష్ట్రలోని వార్ధా, బిహార్‌లోని మధుబని వైద్యులు పెద్ద వయసు స్త్రీలు ఇద్దరి గురించి రాశారు. దశాబ్దాల పాటు లంగా బొందు ఒకే చోట బిగించి కట్టడం వల్ల చర్మం ఒరిసి, నల్లబడి, చివరికి మానని పుండై క్యాన్సర్‌గా తేలింది. 1940లలోనే ముంబై టాటా మెమోరియల్ వైద్యులు పంచె కట్టే మగవాళ్లలో ఇలాంటిదే చూసి ధోతీ క్యాన్సర్ అన్నారు. తప్పు చీరది కాదు, పంచెది కాదు, బిగుతుది. కోట్ల మంది చీర కడుతున్నారు, ఈ కేసులు వేళ్ల మీద లెక్కపెట్టదగ్గవి. బొందు బదులు వెడల్పాటి పట్టీ వాడి, కట్టే చోటు అప్పుడప్పుడూ మార్చి, ఇంట్లో ఉన్నప్పుడు వదులు చేస్తే చాలు. నడుం నల్లబడిందని భయపడక్కర లేదు. అక్కడ పుండు పడి నెలకీ మానకపోతే చూపించాలి.

భయానికి ఇంకో రూపం మందుల చీటీ మీద ఉంటుంది. సోరియాసిస్‌కు డాక్టరు మెథోట్రెక్సేట్ రాస్తారు. ఇంటికొచ్చి ఫోన్లో చూస్తే క్యాన్సర్ మందు అని ఉంటుంది. నాకు క్యాన్సర్ ఉన్న సంగతి డాక్టరు దాచారని ఏడ్చేవాళ్లు ఉన్నారు. ఆ మందు 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధనల నుంచి వచ్చింది. మొదట రక్త క్యాన్సర్ కోసమే. తర్వాత కొద్ది మోతాదులో సోరియాసిస్‌కు, కీళ్లవాతానికి పనిచేస్తుందని తెలిసింది. భయపడాల్సింది పేరు చూసి కాదు, మోతాదు చూసి. చర్మానికి దాన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వారంలో ఏ రోజో చీటీ మీద తెలుగులో రాయించుకోండి.

దిగులును ఏం చేయాలి? మచ్చను రోజుకు పదిసార్లు చూసుకుంటే ప్రతిసారీ పెరిగినట్టే ఉంటుంది. గిల్లితే నిజంగానే ఎర్రబడుతుంది, ఆ ఎరుపు ఇంకో భయం. నాకు తోచిన పద్ధతి చెప్తాను. మచ్చ పక్కన రూపాయి బిళ్ల పెట్టి పగటి వెలుతురులో ఒక ఫోటో తీయండి. తేదీ రాసుకోండి. గిల్లొద్దు, ఏదీ పూయొద్దు. నెల తిరిగాక అదే చోట, అదే బిళ్లతో ఇంకో ఫోటో. రెండూ ఒకటే అయితే మామూలు సమయంలో ఎప్పుడైనా డాక్టరుకు చూపించొచ్చు. పెరిగితే, రంగు మారితే, నెత్తురు వస్తే నెల కూడా ఆగొద్దు. అరికాలు, గోరు, పాత మచ్చ మీది పుండు విషయంలో ఫోటోల ఆట వద్దు, నేరుగా వెళ్లడమే. డాక్టరు చూసి ఏమీ లేదన్నాక కూడా నమ్మకం కుదరక ఇంకో డాక్టరు, ఇంకో పరీక్ష అని తిరుగుతుంటే, నిద్ర, తిండి పోతుంటే, అది వేరే బాధ. దానికీ వైద్యం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు.

అనుమానం ఉన్నప్పుడు ముక్క తీసి పరీక్ష చేయాలి. దగ్గర చుట్టాలే అడ్డం పడేది ఇక్కడ. "కత్తి తగిలితే పాకుద్దంట అన్నా, వద్దు." చర్మ క్యాన్సర్లలో పరీక్షకు చిన్న ముక్క తీయడం వల్ల జబ్బు పాకదు. కత్తి తగిలాక ముదిరినట్టు కనిపించే కేసుల్లో చాలావరకు ముందే ముదిరాక వచ్చినవి. తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్క తీసి, ఒకటి రెండు కుట్లు వేస్తారు. పావుగంట పని. బూర్గంపాడు ప్రభుత్వ ఆస్పత్రి నుంచో భద్రాచలం ఏరియా ఆస్పత్రి నుంచో రాయించుకుని కొత్తగూడెం మెడికల్ కాలేజీ ఆస్పత్రికి వెళ్లొచ్చు. క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆస్పత్రి ప్రభుత్వానిదే, ఆరోగ్యశ్రీ కూడా వర్తిస్తుంది. రేషన్ కార్డు, ఆధార్ పట్టుకెళ్లాలి. తొలిదశలో కోసి తీసేయడంతోనే చాలామందికి జబ్బు నయమవుతుంది. లోతు ఒక మిల్లీమీటరు దాటని మెలనోమా కూడా పదిమందిలో తొమ్మిది మందికి పైగా నయమవుతుంది.

రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, గాజు స్లైడ్లు, ముక్కను ఉంచిన మైనపు బ్లాక్ కూడా ల్యాబ్ నుంచి అడిగి తీసుకోండి. పెద్ద ఆస్పత్రి వాళ్లు వాటిని మళ్లీ చూస్తారు, లేకపోతే మళ్లీ ముక్క తీయాల్సి వస్తుంది. క్యాన్సర్ లేదని రిపోర్టు వచ్చి కూడా పుండు మానకపోతే అక్కడితో ఆగొద్దు. కుళ్లిన నడిమి భాగం నుంచి తీసిన ముక్కలో జబ్బు దొరక్కపోవచ్చు. గట్టిపడిన అంచు నుంచి తీశారా అని అడగండి. కాకపోతే "ఇంకోసారి అంచు నుంచి తీయండి సార్" అని అడగడంలో మొహమాటం ఏమీ లేదు.